మంచు చరియ కింది నుంచి తీసిన మనిషికి ముందు ఊపిరి, ఆ తర్వాతే వేడి

మంచు చరియ కింద పడ్డ మనిషి చలికి పోతాడని చాలామంది అనుకుంటారు. మొదటి గంటలో ప్రాణం తీసేది దాదాపు ఎప్పుడూ ఊపిరాడకపోవడమే, కాకపోతే బండకో చెట్టుకో తగిలిన దెబ్బ. చలి నిదానంగా పనిచేస్తుంది. ఈ సంగతి తెలియకపోతే ఏం జరుగుతుందంటే, మనిషిని బయటికి లాగి, నోట్లో మంచు ఇరుక్కుని ఉండగానే చేతులు రుద్దుతూ దుప్పట్లు కప్పుతూ కూర్చుంటారు. ఊపిరి ఆడుతున్న మనిషి విషయంలో దీనికి సరిగ్గా ఉల్టా జరుగుతుంది. బయటపడ్డాడు కదా, ఇక భయం లేదని గాలిలో నిలబెట్టి నడిపిస్తారు. అసలు చల్లబడటం అక్కడే వేగం అందుకుంటుంది.

హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల పిల్లలు చలికాలంలో కాజీపేటలోనో మంచిర్యాలలోనో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఢిల్లీ మీదుగా డెహ్రాడూన్ చేరి, అక్కడి నుంచి కేదార్‌కంఠ, బ్రహ్మతాల్, కువారీ పాస్ ట్రెక్కులకు పోతున్నారు. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు కూడా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కినప్పటి నుంచి మంచుకొండ మన ఇళ్లలో దూరపు మాట కాదు. సైన్యంలో ఉండి మంచు సరిహద్దుల్లో డ్యూటీ చేసేవాళ్లు మన ఊళ్లలో ఎటూ ఉన్నారు. వీళ్లందరికీ జాకెట్టు ఎక్కడ కొనాలో తెలుసు. పక్కవాడు మంచులో మునిగితే మొదటి అరగంటలో చేతులు ఏం చేయాలో తెలిసినవాళ్లు తక్కువ. ఈ వ్యాసం ఆ అరగంట కోసం, దాని తర్వాతి కొన్ని గంటల కోసం.

గడియారం ఎందుకు చూడాలి

చరియ ఆగిన క్షణంలోనే టైం చూసి గట్టిగా అరిచి చెప్పండి, ఒకరు ఫోన్‌లో రాసుకోవాలి. తర్వాత తీసుకునే నిర్ణయాలన్నీ ఈ ఒక్క అంకె మీద ఆధారపడతాయి.

తల కూడా మునిగేలా పూర్తిగా కూరుకుపోయినవాళ్లను పది నిమిషాల్లోపు తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటేసరికి బతికేది ముగ్గురే. ఆ మధ్యలో పోయేవాళ్లంతా ఊపిరాడక పోయేవాళ్లే. నోరు, ముక్కు మంచుతో మూసుకుపోతాయి. మూసుకోకపోయినా వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంటే ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. ఊపిరిలోని తేమ ముఖం ముందు మంచును కరిగిస్తుంది, అది మళ్లీ గడ్డకట్టి గాజు పొరలా తయారవుతుంది. దాంతో చుట్టుపక్కల మంచులోంచి వచ్చే కాస్త గాలీ ఆగిపోతుంది.

అరగంట దాటినా బతికున్నాడంటే, ముఖం ముందు గాలి నిలిచిన ఖాళీ కొంత ఉండి, నోరు ముక్కు తెరుచుకుని ఉన్నాయన్నమాట. అలాంటివాళ్లకే చలి అసలు సమస్యగా మారుతుంది. మంచు కింద శరీరం మామూలుగా గంటకు 3 డిగ్రీల దాకా చల్లబడుతుంది. రికార్డైన అత్యంత వేగం గంటకు 9 డిగ్రీలకు కొంచెం పైన. 37 దగ్గర మొదలై అంత వేగంగా పడిపోయినా 30 డిగ్రీలకు దిగడానికి ముప్పావు గంట పడుతుంది. 30 కంటే పైన ఉన్న గుండె చలి వల్ల మాత్రమే ఆగదు. అందుకే పర్వత రక్షక బృందాల వైద్య మార్గదర్శకాలు 60 నిమిషాలను గీతగా పెట్టుకున్నాయి. గంటలోపు తీసిన మనిషి గుండె ఆగి ఉంటే కారణం ఊపిరాడకపోవడమో దెబ్బో అనుకుని పనిచేయాలి. గంట దాటి, నోరు తెరుచుకుని ఉండి గుండె ఆగి ఉంటే అది చలి పని కావచ్చు. ఆ మనిషి ఇంకా బతకొచ్చు.

లోపల గాలి ఉంటే ఎంత తేడా వస్తుందో ఈ మధ్యే చూశాం. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గరి మాణా వద్ద చరియ పడి, రోడ్డు పనిచేసే 54 మంది చిక్కుకుంటే 46 మంది ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్లలో చాలామంది ఇనుప కంటెయినర్లలో ఉన్నారు. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ఊపిరితో దొరికాడు. ఫిబ్రవరి 11న ఢిల్లీలోని సైనిక ఆసుపత్రిలో చనిపోయాడు. ఆరు రోజులైందని తవ్వడం ఆపకపోవడం వల్లే ఆ మనిషికి ఆ అవకాశమైనా దక్కింది.

తవ్వే పద్ధతి

ముందు పైకి చూడండి. ఇంకో చరియ వచ్చేలా ఉంటే తవ్వడానికి దిగినవాళ్లూ పోతారు. ఒక మనిషిని పక్కకు నిలబెట్టి పైవాలు మీదే కన్నేసి ఉంచమనండి. చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే జారతాయి.

ఆఖరిసారి మనిషి కనిపించిన చోట గుర్తు పెట్టి అక్కడి నుంచి కిందికి వెతకాలి. టోపీ, కర్ర, చేతితొడుగు ఏది కనిపించినా దాని చుట్టూ చూడాలి. అందరి ఒంటి మీదా బీకన్ (సిగ్నల్ పంపుతూ, ఇంకొకరి సిగ్నల్ పట్టుకునే చిన్న పరికరం) ఉంటే మిగిలినవాళ్లంతా వెంటనే వెతికే మోడ్‌లోకి మార్చాలి. ఒక్కరు మర్చిపోయినా ఆ సిగ్నలే పట్టుకుని అందరూ తిరుగుతారు. బీకన్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి ఏ కంపెనీదైనా ఫరవాలేదు. సిగ్నల్ బాగా దగ్గరగా చూపిన చోట ప్రోబ్‌ను (మంచులో గుచ్చి వెతికే పొడవాటి సన్నటి కడ్డీ) మంచు వాలుకు లంబంగా గుచ్చాలి, ఒక్కో పోటుకు మధ్య పాతిక సెంటీమీటర్లు వదులుతూ గుండ్రంగా బయటికి పోవాలి. తగిలితే ప్రోబ్ తీయొద్దు.

ఆ ప్రోబ్ పక్కనే నిలబడి కిందికి తవ్వడం అందరూ చేసే తప్పు. పైన నిలబడితే ముఖం ముందున్న గాలి ఖాళీ మీ బరువుకే కూలిపోతుంది. వాలుకు కిందివైపు, లోతుకు ఒకటిన్నర రెట్లు దూరంలో మొదలుపెట్టి మనిషి వైపు పక్క నుంచి తవ్వాలి. మీటరు లోతుంటే మీటరున్నర కిందికి దిగండి. మంచును పైకి ఎత్తి పారేయకుండా వెనక్కి తోయండి, వెనక ఉన్నవాడు ఇంకా వెనక్కి తోస్తాడు. ముందున్నవాడి చేతులు తొందరగా పడిపోతాయి కాబట్టి ఒకట్రెండు నిమిషాలకోసారి మారాలి. చేతులతో, ప్లేట్లతో తవ్వడం కాని పని. ఆగిన చరియ మంచు సిమెంటులా గట్టిపడుతుంది, స్టీలో అల్యూమినియమో పార ఉండాల్సిందే. ట్రెక్ నడిపేవాళ్లను బుకింగ్ ముందే అడగండి: బీకన్లు ఎన్ని, ప్రోబ్‌లు ఎన్ని, పారలు ఎన్ని? సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బు ఇంకొకరికి ఇవ్వడం మేలు. చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ సంస్థ డీజీఆర్‌ఈ మంచు చరియల హెచ్చరికలు ఇస్తుంది. బయలుదేరే రోజు వాటిని చూశారా అని కూడా అడగండి.

ముఖం కనిపించగానే

కాళ్లు ముందు దొరికినా తల వైపే తవ్వండి. ముఖం, ఛాతీ బయటపడగానే మిగతా తవ్వకం ఒకరికి వదిలి, ఇంకొకరు ఊపిరి సంగతి చూడాలి. నోట్లో, ముక్కులో మంచు ఉందా? ముఖం ముందు, చిన్నదైనా సరే, ఖాళీ ఉందా? ఎన్ని నిమిషాలైంది? ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. ఆసుపత్రి డాక్టరు ఈ మూడే అడుగుతాడు. ఒక్క పార వేటుకు ఆ ఖాళీ చెదిరిపోతుంది, తర్వాత చెప్పడానికి ఎవరూ ఉండరు. అందుకే తవ్వేవాడు చూడగానే గట్టిగా చెప్పాలి.

నోట్లో మంచు కనిపిస్తే వేలితో తీయండి. ఛాతీ మీద మంచు బరువు ఉంటే నోరు శుభ్రంగా ఉన్నా పక్కటెముకలు లేవవు, కాబట్టి ఛాతీని వెంటనే ఖాళీ చేయాలి. మెడకు దెబ్బ తగిలి ఉండొచ్చు, తల ఊగకుండా పట్టుకోండి.

ఊపిరి లేదనుకోండి. ముందు ఐదు ఊపిరులు నోటితో ఊదండి, ఎందుకంటే ఇక్కడ ఆగింది గాలి. ఛాతీ లేస్తుందా చూస్తూ ఊదాలి. తర్వాత 30 నొక్కులు, 2 ఊపిరులు, మళ్లీ 30. నొక్కు ఐదారు సెంటీమీటర్ల లోతు దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 పడాలి. మెత్తటి మంచు మీద ఎంత నొక్కినా మనిషే కిందికి దిగిపోతాడు. గట్టి పలకో రక్‌సాక్ ఫ్రేమో వీపు కిందికి జరపండి, లేదా మంచును కాళ్లతో తొక్కి గట్టి చేయండి.

గంట దాటి కూరుకుపోయిన మనిషి అయితే నాడి చూడటానికి పూర్తి నిమిషం తీసుకోండి. బాగా చల్లబడ్డ గుండె నిమిషానికి నాలుగైదు సార్లే కొట్టుకోవచ్చు, ఊపిరీ అంతే. పది సెకన్లలో చూసి పోయాడని అనేస్తే బతికున్న మనిషిని వదిలేసినట్టే. కళ్లు పెద్దవై వెలుగుకు స్పందించకపోయినా, చర్మం తెల్లబారి కట్టెలా బిగిసినా అది చావు గుర్తు కాదు, చలి కూడా అదే రూపం ఇస్తుంది. ఛాతీని నొక్కడానికి కూడా వీల్లేనంతగా ఒళ్లంతా గడ్డకట్టి ఉంటే, బతికే వీలే లేని దెబ్బ కళ్ల ముందు కనిపిస్తుంటే, లేదా అక్కడ ఉండటమే ప్రమాదమైతే తప్ప మొదలుపెట్టండి. గంట దాటి, నోరు మంచుతో పూర్తిగా మూసుకుపోయి, గుండె ఆగిన మనిషికి ఆశ చాలా తక్కువ. ఆ మాట చెప్పే పని శిక్షణ ఉన్నవాళ్లకు వదిలేయాలన్నది మా అభిప్రాయం.

నొక్కుతూ కొండ దిగడం కుదరదు. శరీరం 28 డిగ్రీల కంటే కిందికి పోయిందని నమ్మకం ఉంటే, కనీసం ఐదు నిమిషాలు సీపీఆర్ చేసి, ఐదు నిమిషాలకు మించకుండా మోసి, మళ్లీ ఆగి చేయొచ్చు. చల్లబడ్డ మెదడు ఆక్సిజన్ తక్కువ వాడుతుంది కాబట్టే ఈ వెసులుబాటు. వెచ్చగా ఉన్న మనిషికి ఇది పనికిరాదు.

ఎంత చల్లబడ్డాడు

ఇంట్లో వాడే జ్వరం థర్మామీటర్ ఇక్కడ పెద్దగా పనికిరాదు. పాత పాదరసం గొట్టంలో గీతలు 35 సెల్సియస్ దగ్గరే, ఫారన్‌హీట్‌లో 94–95 దగ్గరే మొదలవుతాయి. డిజిటల్‌ది 32 కిందికి పోతే అంకె బదులు 'లో' అని చూపి ఊరుకుంటుంది. నుదుటి మీద గురిపెట్టే గన్ చల్లటి చర్మాన్ని మాత్రమే కొలుస్తుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ చల్లబడ్డ వేళ్లలో తప్పు చూపుతుంది, లేదా ఏమీ చూపదు. కాబట్టి మాటను, వణుకును చూసి అంచనా వేయాలి.

"తమ్మీ, నీ పేరేంది? ఇప్పుడు మనం ఏడున్నం?" అని అడగండి. టకటకా చెప్పి గజగజా వణుకుతుంటే 35కూ 32కూ మధ్య ఉన్నట్టు. అలాంటివాడు చాలావరకు తన వణుకుతోనే వేడెక్కుతాడు. పిలిస్తే కళ్లు తెరిచి ముద్దగా ఏదో గొణిగితే, జిప్పు పెట్టుకోలేక చేతుల్లోంచి వస్తువులు జారిపోతుంటే, వణుకు తగ్గిపోతుంటే 32 కిందికి పోతున్నాడు. గిచ్చితేనే కదిలితే, లేదా అసలు స్పృహ లేకుండా ఊపిరి మాత్రం ఉంటే 28 చుట్టుపక్కలో ఇంకా కిందో ఉన్నాడు. అప్పుడు గుండె ఏ క్షణమైనా లయ తప్పొచ్చు.

వణుకు ఆగడం చూసి కుదుటపడ్డాడని సంబరపడొద్దు. ఒళ్లు కండరాలను కదిలించే శక్తి కోల్పోయిందని అర్థం. బాగా చల్లబడ్డవాళ్లు కొందరు వేడిగా ఉందంటూ బట్టలు విప్పేసుకుంటారు కూడా. గొడవపడైనా సరే కప్పి ఉంచండి.

బయటికి తీశాక పడే చలి

మంచు లోపల గాలి కదలదు. అది కొంత రక్షణే. బయట గాలి తడి బట్టల మీద కొడుతుంది. పైగా చేతుల్లో, కాళ్లలో ఉన్న రక్తం బాగా చల్లబడి ఉంటుంది. మనిషిని నిలబెట్టినా, నడిపించినా, చేతులు కాళ్లు రుద్దినా ఆ చల్లటి రక్తం గుండె వైపు పోతుంది. అందుకే తీశాక కూడా లోపలి ఉష్ణోగ్రత కొంతసేపు పడుతూనే ఉంటుంది. చల్లబడ్డ గుండెకు కుదుపు కూడా పడదు. 30 కిందకు దిగిన మనిషిని ఎత్తి పడేసినా, ఒక్కసారిగా కూర్చోబెట్టినా గుండె గిలగిలా కొట్టుకుని ఆగిపోవచ్చు.

కాబట్టి గుంటలోంచి బయటికి తీసేటప్పుడు నలుగురు పట్టుకుని, అడ్డంగా, ఒక్క లెక్కన ఎత్తండి. చంకల కింద చేతులు పెట్టి నిలువుగా లాగొద్దు. స్పృహలో ఉండి వణుకుతున్నవాడిని కూడా కనీసం అరగంట పడుకోబెట్టి లేదా కూర్చోబెట్టి, కప్పి, తీపి తాగించి, అప్పుడే నిలబెట్టండి. నిలబడ్డాక తూలకపోతే మెల్లగా నడవనివ్వొచ్చు.

చుట్టడం

ట్రెక్కుకు బయలుదేరక ముందే కావాల్సినవి సర్దుకుంటే పది నిమిషాల పని. టార్పాలిన్ ఒకటి, మూడు మీటర్లకు రెండున్నర ఉంటే చాలు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి, పత్తి కప్పడానికి అమ్మే పల్చటి రకం సరిపోతుంది, మందపు రకం మోయలేరు. ఫోమ్ మ్యాట్లు రెండు, స్లీపింగ్ బ్యాగ్ ఒకటి, అల్యూమినియం పూత ఉన్న ఎమర్జెన్సీ షీటు ఒకటి, లేదా పెద్ద చెత్త కవర్లు మూడు. ఒక్కొక్కటి లీటరు పట్టే, మూత గట్టిగా బిగిసే సీసాలు రెండు మూడు. మొన మొద్దుగా ఉన్న కత్తెర ఒకటి.

టార్పాలిన్‌ను మూలవాటుగా పరవండి, ఒక మూల తల వైపు వచ్చేలా. దాని మీద రెండు మ్యాట్లూ ఒకదాని మీద ఒకటి. అందరూ పైన కప్పడం మీదే ధ్యాస పెడతారు. వీపు కింద నలిగిన స్లీపింగ్ బ్యాగ్ మంచు చలిని ఆపలేదు, కింద వేసే మ్యాట్‌కే ఎక్కువ విలువ. మ్యాట్ల మీద బ్యాగ్ జిప్పు పూర్తిగా తీసి తెరిచి పెట్టండి, దాని మీద షీటు, షీటు మీద మనిషి.

తడి బట్టల సంగతి చోటును బట్టి ఉంటుంది. టెంట్ ఉంటే లోపలికి తీసుకుపోయి కత్తిరించి తీసేయండి. తల మీంచి లాగితే చేతులు పైకి ఎత్తాల్సి వస్తుంది, కుదుపు కూడా. అద్ది తుడవండి, రుద్దొద్దు. గాలి కొట్టే బయలులో అయితే బట్టలు విప్పకండి. పైపైన పిండి, షీటును ఒంటికి దగ్గరగా చుట్టి, దాని మీద స్లీపింగ్ బ్యాగ్ వేయండి. షీటు లేకపోతే తడి బ్యాగ్‌లోకి పాకి, బ్యాగ్ దూది ముద్దలా అణిగిపోతుంది, ఇక అది వేడిని ఆపలేదు. పక్షి నూగు నింపిన డౌన్ బ్యాగులకు ఈ గతి తొందరగా పడుతుంది.

చేతులు పక్కకు ఆనించి లోపలే ఉంచండి. టోపీ పెట్టండి, మెడ కప్పండి, ముఖం మాత్రం వదలండి. టార్పాలిన్ ఒక పక్క మడిచి ఒంటి కిందికి దోపి, రెండో పక్క దాని మీదికి తెచ్చి, కాళ్ల వైపు మూల పైకి మడవండి. ఛాతీ దగ్గర తెరిచి చూడటానికి వీలుగా మడత పెట్టాలి. తాడుతో గట్టిగా బిగించొద్దు, ఊపిరి కష్టమవుతుంది.

వేడి పెట్టే చోటు, వేడి లెక్క

ఛాతీ మీద, రెండు చంకల్లో, వీపు పైభాగంలో వేడి నీళ్ల సీసాలో వేడి ప్యాకెట్లో పెట్టండి. చేతులకు, కాళ్లకు వద్దు. సీసాను సాక్సులో దూర్చి పెట్టాలి. మీ ముంజేతి మీద ఆనించి పెట్టుకుని ఉండగలిగినంత వేడి చాలు. చల్లబడ్డ చర్మంలో రక్తం తక్కువ పారుతుంది, తగిలిన వేడిని లోపలికి తీసుకుపోలేదు, అందుకే మీకు గోరువెచ్చగా అనిపించేది కూడా అక్కడ బొబ్బలు తెస్తుంది. స్పృహ లేని మనిషి కాలుతోందని చెప్పలేడు. ఇరవై నిమిషాలకోసారి తెరిచి చర్మం రంగు చూడండి.

ఇక చాయ్ మాట. 60 కిలోల మనిషి ఒళ్లు ఒక్క డిగ్రీ పెరగాలంటే దగ్గరదగ్గర 50 కిలో కేలరీలు కావాలి. 55 డిగ్రీల వేడి ఉన్న 200 మిల్లీలీటర్ల గ్లాసు చాయ్ ఇచ్చే వేడి నాలుగున్నర కిలో కేలరీలకు మించదు. అంటే ఒక్క డిగ్రీకి పదకొండు గ్లాసులు తాగించాలి. అదే గ్లాసులో నాలుగు చెంచాల చక్కెర వేస్తే 80 కిలో కేలరీలు వస్తాయి. వణుకుతున్న కండరాలు కాల్చేది ఆ చక్కెరనే. వణుకు ఒంటి వేడిని మామూలు కంటే ఐదారు రెట్లు పెంచుతుంది, కానీ లోపల ఇంధనం ఉంటేనే. అందుకే గోరువెచ్చగా, బాగా తీపిగా ఇవ్వండి. గ్లూకోజ్ పొడి, బెల్లం, పల్లీపట్టి ఏదైనా మంచిదే. పూర్తి తెలివిలో ఉండి, మొదటి గుక్క దగ్గకుండా మింగినవాడికే ఇవ్వాలి. మగతగా ఉన్న మనిషి నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మందు అసలు వద్దు. రమ్ము తాగితే వెచ్చగా అనిపిస్తుంది, ఎందుకంటే చర్మం దగ్గరి రక్తనాళాలు తెరుచుకుని లోపలి వేడి బయటికి పోతుంది, వణుకు కూడా తగ్గుతుంది. సిగరెట్ చేతుల, పాదాల రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, చలికి గడ్డకట్టిన వేళ్లకు అది చేటు. వేడి నీళ్ల స్నానం, మంట ముందు కూర్చోబెట్టడం కూడా వద్దు. చర్మం ఒక్కసారిగా వేడెక్కి రక్తపోటు పడిపోతే మనిషి కుప్పకూలుతాడు.

ఇంకొకరు అదే బ్యాగ్‌లో దూరి ఒంటితో వేడి ఇవ్వడం గురించి ఎప్పుడూ వాదన ఉంటుంది. గట్టిగా వణుకుతున్నవాడికి దానివల్ల లాభం తక్కువ, ఎందుకంటే చర్మం వెచ్చబడి వణుకు తగ్గిపోతుంది, ఆ పోయిన వేడిని పక్కనున్నవాడి ఒళ్లు ఇవ్వగలిగినది పూడ్చదు. వణుకు ఆగిపోయిన మనిషికి, ఇంకో వేడి దారి లేనప్పుడు మాత్రం చేయండి.

గడ్డకట్టిన వేళ్లు, కాలివేళ్లు రుద్దొద్దు, మంచుతో అసలే వద్దు. మళ్లీ చలికి తగిలే అవకాశం ఉంటే వాటిని కరిగించకుండా పొడిగా చుట్టి ఉంచడమే మంచిది. కరిగి మళ్లీ గడ్డకడితే ఆ కండ ఇక మిగలదు. ఆసుపత్రిలోనో వెచ్చటి గదిలోనో 37–39 డిగ్రీల నీళ్లలో కరిగిస్తారు.

ఆసుపత్రి

కొండ మీద మన పని చల్లబడటాన్ని ఆపడం. 28 కిందకు పోయిన మనిషిని పూర్తిగా వేడెక్కించడం టెంట్‌లో అయ్యేది కాదు, దాని కోసం అక్కడ గంటలు గడపొద్దు. 112కు ఫోన్ చేసి, మంచు కింద ఎన్ని నిమిషాలు, ముఖం ముందు ఖాళీ ఉందా, మాటకు స్పందిస్తున్నాడా అనే మూడూ మొదటి వాక్యంలోనే చెప్పండి.

స్పృహ లేని మనిషిని, గుండె ఆగిన మనిషిని వీలైతే ఎక్మో ఉన్న ఆసుపత్రికే తరలించాలి. ఆ యంత్రం రక్తాన్ని బయటికి తీసి, వేడి చేసి, ఆక్సిజన్ కలిపి మళ్లీ ఎక్కిస్తుంది. అక్కడ ముందు రక్తంలో పొటాషియం చూస్తారు. చలికి ముందే ఊపిరాడక కణాలు చచ్చిపోయి ఉంటే పొటాషియం బాగా పెరుగుతుంది. చరియ బాధితుల్లో లీటరుకు 7 మిల్లీమోల్స్ లోపు ఉంటే వేడెక్కించే ప్రయత్నం చేయాలని 2023 నాటి అంతర్జాతీయ సూచన. చల్లటి ఒంటితో గుండె ఆగినవాళ్లు తిరిగి లేవడం కల్పన కాదు. 1999 మేలో నార్వేలో మంచుగడ్డ కింది నీటిలో చిక్కుకున్న ఆనా బోగెన్‌హోమ్ అనే డాక్టరు ఒళ్లు 13.7 డిగ్రీలకు పడిపోయింది. ట్రోమ్సో ఆసుపత్రిలో గంటల తరబడి వేడెక్కించారు, ఆమె కోలుకుని మళ్లీ ఉద్యోగంలో చేరింది. ఆమె చాలాసేపు నీటి మీది గాలి ఖాళీలో ఊపిరి పీలుస్తూ చల్లబడింది, గుండె ఆ తర్వాతే ఆగింది. మంచు కింద గాలి ఖాళీ ఉన్నదా లేదా అని మళ్లీ మళ్లీ అడిగేది ఇందుకే.

మన దగ్గరి చలి

మంచు లేని చోట కూడా మనిషి 35 కిందకు పోతాడు. నీరు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డప్పుడు, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం ఇళ్ల కప్పుల మీద, చెట్ల మీద తడుస్తూ గంటలు గడిపారు. వానాకాలం చలి ఎవరినీ ఏం చేయదనుకుంటాం. తడి బట్ట, గాలి, ఖాళీ కడుపు, ముసలితనం కలిస్తే పాతిక డిగ్రీల గాలిలోనూ ఒళ్లు చల్లబడుతుంది.

వరదలోంచి తీసినవాళ్లకు పద్ధతి ఇదే, కొన్ని సులువులు ఉన్నాయి. ఇక్కడ పైకప్పు దొరుకుతుంది కాబట్టి తడి బట్టలు వెంటనే తీయండి, తల ఆరనివ్వండి. నేల మీద వరంగల్ కొత్తవాడ జంపఖానా ఉంటే నాలుగు మడతలు వేసి పరవండి, పొడిగా ఉంటేనే. పైన గొంగడి. గొర్రె ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఆపుకుంటుంది, నూలు దుప్పటి తడిస్తే పనికిరాదు. పడవలో, ట్రాక్టర్‌లో నలుగురితో పాటు ఒక గొంగడి పెట్టుకుపోతే దారిలోనే పని మొదలవుతుంది. పసిపిల్లలకు బట్టలు తీసి తల్లి ఛాతీకి చర్మం తగిలేలా ఆనించి ఇద్దరినీ కలిపి కప్పండి, తలకు టోపీ. కల్లు, మందు ఇక్కడా వద్దు.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు డిసెంబరు, జనవరిలో ఇగం పెట్టే రాత్రులు ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలకు దిగుతుంది. అప్పుడు తలుపులన్నీ మూసి మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. మూసిన గదిలో నిప్పు కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన లేదు, పొగ కనిపించదు, తలనొప్పి వచ్చేసరికి లేచే శక్తి పోతుంది. టెంట్‌లో స్టవ్ వెలిగించి పడుకున్నా అదే జరుగుతుంది. కుంపటి వాకిట్లోనే ఉండాలి. దాని మీద నీళ్లు కాచి, సీసాల్లో పోసి, మూత బిగించి, పాత సాక్సులో దూర్చి లోపలికి తెచ్చి ముసలివాళ్ల ఛాతీ పక్కన, చంక కింద పెట్టండి. రెండు గంటలకు చల్లారుతాయి, మళ్లీ నింపాలి.